కొయ్యను తొలుచు పురుగు: కెనడా ఇండ్లలో దానిని గుర్తించి అణచు విధము

కెనడా దేశమున ఇల్లనగా కొయ్యయే. అక్కడ అడవులు విస్తారము. రాతిని కొట్టి గోడ పెట్టుటకంటె మ్రానును కోసి చట్టము నిలుపుట సులభము. నోవా స్కోషియా రాష్ట్రములోని హాలిఫాక్సు పట్టణమున 1750వ సంవత్సరములో కట్టబడిన పరిశుద్ధ పౌలు దేవాలయము కొయ్యచట్టముతో లేచినదే. ఆ దేశమున నిలిచియున్న ప్రొటెస్టంటు దేవాలయములలో అదియే మిక్కిలి పాతది. నేటికిని అక్కడి క్రొత్త ఇండ్లలో అధికభాగము, రెండంగుళముల మందపు కొయ్యలను పదునారేసి అంగుళముల యెడమున నిలువబెట్టి, వాటికి లోపలను వెలుపలను పలకలు బిగించి కట్టబడునవియే. వీధినుండి చూచువారికి ఇటుకగోడ కనబడవచ్చును గాని, పెక్కిండ్లలో ఆ యిటుక అలంకారమాత్రము. బరువు మోయునది లోపలి కొయ్య.

1874వ సంవత్సరమున జాన్ మెక్లారిన్ గారు కాకినాడకు వచ్చి కెనడా బాప్తిస్టు మిషను పనిని ఆరంభించిన కాలమున, కెనడానుండి తెలుగుదేశమునకు మనుష్యులు వచ్చుటయే గాని, తెలుగుదేశమునుండి కెనడాకు పోవుట లేదు. తెలుగు కూలివారు అప్పుడు ఓడలెక్కినది బర్మాకు, మారిషసుకు, నేటాలుకు, మలయాకు. నేడు టొరంటో, బ్రాంప్టను, ఎడ్మంటను, వాంకూవరు పట్టణములలో తెలుగు కుటుంబములు వేలకొలది నివసించుచున్నవి. తోటల లైన్లలో పుట్టి పెరిగినవారి మనుమలును వారిలో కలరు. వారు బ్యాంకులకు ఇరువదియైదేండ్ల ఋణము వ్రాసి ఇచ్చి ఇల్లు కొందురు. అట్టి యింట, నేలక్రింది గదిలో, దూలము మొదట సన్నని పిండి రాలియుండుట ఒకనాడు కనబడినచో గుండె ఝల్లుమనుట సహజము. ఆ భయమునందే మనుష్యుడు రెండు తప్పులలో ఒకదానిని చేయును. ఏమియు చేయక కన్నులు మూసికొనుట యొకటి. మొదట వాకిట నిలిచినవాని చేతిలో వేల డాలర్లు పోసి ఇల్లంతయు విషముతో తడిపించుకొనుట మరియొకటి. ఈ రెంటిలో రెండవదే ఎక్కువగా జరుగునది.

సంస్కృతమున ఈ పురుగునకు ఘుణమని పేరు. తెలుగువారు పుచ్చుపురుగనియు, కొయ్యపురుగనియు అందురు. పురుగు తొలిచిన గీతలు అనుకొనకయే అక్షరమువలె కనబడినచో దానిని ఘుణాక్షర న్యాయమని పండితులు చెప్పుదురు. పురుగునకు వ్రాత తెలియదు, నిజమే. అయితే అది విడిచిన గుర్తులను చదువుట తెలిసిన మనుష్యునకు మాత్రము ఆ గీతలు, ఆ రంధ్రములు, ఆ పిండి, అన్నియు స్పష్టమైన అక్షరములే. వచ్చినది యేజాతి పురుగో, బ్రతికియున్నదో చచ్చినదో, ఇంటికి అపాయమున్నదో లేదో, వాటినిబట్టియే తెలియును.

కొయ్యకు కనబడు రంధ్రము పురుగు లోపలికి పోయిన ద్వారమని జనులు తలంచుదురు. అది పొరపాటు. అది వెలుపలికి వచ్చిన ద్వారము. తల్లిపురుగు కొయ్య పగులులయందో, గరుకైన చెక్కమీదనో, పాత రంధ్రములలోనో కంటికి కనబడనంత సన్నని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు తెల్లగా, వంకరగా, కాళ్లు ఉన్నవో లేవో యనునట్లుండును. అది కొయ్య లోపలికి తొలుచుకొనిపోయి రెండేండ్లు, మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అయిదేండ్లును చీకటిలోనే తినుచు బ్రతుకును. నష్టమంతయు చేయునది ఈ పిల్లపురుగే. పిమ్మట పైపొర దాపునకు వచ్చి, గూడు కట్టుకొని, రెక్కలు వచ్చిన పెంకుపురుగై వేసవిలో ఒకనాడు పొరను కొరికికొని వెలుపలికి వచ్చును. వచ్చిన తరువాత అది బ్రతుకునది కొద్ది వారములే. కాబట్టి రంధ్రము కనబడుసరికి దానిని చేసిన పురుగు చాలవరకు ఇంట లేదు. దాని సంతానము ఉన్నదా యనునదే విచారింపవలసిన సంగతి.

కెనడాలో ఇండ్లకు పట్టు కొయ్యపురుగులు అనేకములైనను, గృహస్థుడు ముఖ్యముగా ఎరుగవలసినవి కొన్నియే. మొదటిది పిండిపురుగు. లిక్టసు అని శాస్త్రజ్ఞులు దీనిని పిలుతురు. ఇది ఓక్, యాష్, హికరీవంటి వెడల్పాటి ఆకులుగల చెట్ల కొయ్యను మాత్రమే తినును. అందులోను చేవ పట్టని పైకర్రనే గాని చేవను ముట్టదు. దానికి కావలసినది కొయ్యలోని గంజి. రంధ్రము ఆవగింజ దూరునంత. రాలు పిండి గోధుమపిండివలె మెత్తగా వ్రేళ్లకు అంటుకొనును. క్రొత్త నేలపలకలలోను, క్రొత్త మేజాబల్లలలోను, వెదురు సామానులలోను ఇట్టి మెత్తని పిండి కనబడుట ఎక్కువ. పాత దేవదారు దూలములకు లిక్టసు రాదు. ఈ యొక్క సంగతి తెలిసినయెడల అనేకుల భయము తీరును.

రెండవది బల్లపురుగు. ఇది ఐరోపానుండి వలసవచ్చినవారి సామానులతోకూడ అట్లాంటికు తీరమునకు వచ్చినది. దీనికి చుట్టమైన మరియొక జాతి పసిఫికు తీరమునందలి బ్రిటిషు కొలంబియాలో స్వదేశియై యున్నది. ఇవి దేవదారుజాతి కొయ్యను, అనగా ఇండ్ల దూలములను వాసములను, తినగలవు. వీటి పిండిని వ్రేళ్లనడుమ నలిపినచో మెత్తగా నుండక ఉప్పురవ్వవలె గరగరలాడును. మూడవది పాత యింటి పురుగని పేరుపడిన పొడుగు మీసముల పెంకుపురుగు. పేరు పాత యింటిదే గాని, ఇది ఎక్కువగా పట్టునది క్రొత్త యింటిని. దాని రంధ్రము గుండ్రముగా నుండక కోలగా, పావంగుళమునకు మించియుండును. ఎండకాలపు రాత్రి ఇల్లు సద్దుమణిగిన వేళ గోడకు చెవి యొగ్గినచో అది కొయ్యను కొరుకు చప్పుడు వినబడునని చెప్పుదురు.

వీటన్నిటికంటె వింతయైనది నాలుగవది. తెలుగుదేశపు పిల్లలు అగ్గిపెట్టెలలో పెట్టి ఆకులు వేసి పెంచుకొను జీరంగి పురుగును ఎరుగనివారెవరు? ఆ జీరంగి కుటుంబమునకే చెందిన పెంకుపురుగొకటి పడమటి కెనడా అడవులలో కలదు. పచ్చగా, అంచులయందు రాగిబంగారు వన్నె తళుకులాడుచు, చూచుటకు ఆభరణమువలె నుండును. ఇది డగ్లసుఫర్ మొదలగు చెట్లకు దెబ్బ తగిలిన తావున గ్రుడ్లు పెట్టును. అడవిలోనైతే పిల్లపురుగు కొన్ని యేండ్లలో పెరిగి వెడలిపోవును. కాని ఆ చెట్టును కోసి, రంపపు మిల్లులో పలకలు తీసి, ఇల్లు కట్టినచో, ఎండిన కొయ్యలో దానికి పుష్టి చాలక పెరుగుదల మందగించును. అది చావదు, మెల్లమెల్లగా తినుచు లోపలనే యుండును. ఇల్లు కట్టిన 51 ఏండ్లకు మెట్లనుండియు చట్టములనుండియు ఇట్టి పురుగు వెలువడినట్లు శాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. అనగా ఇంటిని కట్టినవాడు తాతయై, మనుమడు ఆ యింట నున్నప్పుడు, చెట్టుతోకూడ అడవినుండి వచ్చిన పురుగు గోడనుండి బయటకు నడిచివచ్చును. చూచినవారు ఇల్లు కూలునని హడలిపోవుదురు. నిజమునకు అది ఎండిన యింటికొయ్యలో తిరిగి వంశము నిలుపుట మిక్కిలి అరుదు. దానికై ఒక్క కాసైనను ఖర్చుపెట్టనక్కరలేదు. ఆ రంధ్రమును మైనముతో పూడ్చిన చాలును.

చెదలు వేరు. అది పెంకుపురుగు కాదు. పుట్టనుండి మట్టిసొరంగము కట్టుకొని వచ్చునది. చలిదేశమున చెదలుండవని తలంచువారు, 1938లోనే టొరంటో నగరమున చెదలు కనబడిన సంగతిని తెలిసికొనవలెను. అది మొదలుకొని ఆ నగరమున కొన్ని వీధులకు వీధులే దాని వాత పడినవి. గోడకు మట్టిగొట్టము కనబడి, రంధ్రములు కనబడకున్నచో అది ఈ వ్యాసమున చెప్పబడు వ్యాధి కాదు; దాని చికిత్సయు వేరు. అట్లే రంపపుపొట్టువంటి ముతక పొట్టు కుప్పగా పడి, అందులో చీమల తునకలు కూడ కనబడినచో అది గండుచీమల పని. అవి కొయ్యను తినవు. తడిసి మెత్తబడిన కొయ్యలో గూడు కట్టును.

పురుగు బ్రతికియున్నదా? చికిత్సకు పూర్వము తెలియవలసినది ఇదియే. పాత యిండ్లలో కనబడు రంధ్రములలో చాలవరకు ఎన్నడో చల్లారిన వ్యాధి మచ్చలు మాత్రమే. లేవీయకాండము 14వ అధ్యాయమున ఇంటి గోడకు పొడ పుట్టినప్పుడు యాజకుడు చేయవలసిన పద్ధతి చెప్పబడియున్నది. అతడు చూచినంతనే ఇంటిని పడగొట్టడు. చూచి, ఏడు దినములు ఇల్లు మూసియుంచి, మరల వచ్చి, పొడ వ్యాపించినదో లేదో చూచును. వ్యాపించినచో ఆ రాళ్లను మాత్రము తీయించి, గోడ గీయించి, క్రొత్త అడుసు పూయించును. అప్పటికిని తగ్గనిచోనే కూల్చుట. కొయ్యపురుగు విషయమున నేటి నిపుణులు చెప్పు క్రమము దీనికి భిన్నముగా లేదు. గడువు మాత్రము ఏడు దినములకు మారుగా ఒక వేసవి.

క్రొత్త రంధ్రపు అంచు పదునుగా, లోపల క్రొత్తగా కోసిన కొయ్యవలె లేతరంగుగా నుండును. పాత రంధ్రపు అంచు మాసి, నల్లబడి, ధూళి పట్టి, కొన్ని తావుల సాలెగూడు కట్టియుండును. పిండినిబట్టి మాత్రమే నిర్ణయింపరాదు. ఎవరైన పై అంతస్తున నడిచినను, ప్రక్కవీధిని బరువుబండి పోయినను, ఏండ్లనాటి పిండి పాత రంధ్రములనుండి రాలును. కావున శీతకాలమున ఆ భాగమును శుభ్రముగా తుడిచి, రంధ్రములపై పలుచని కాగితమును జిగురుతో అంటించి, తేదీ వ్రాసియుంచవలెను. పెంకుపురుగులు వెడలు కాలము మే మొదలు ఆగస్టువరకు. ఆ కాలము గడచిన పిదప చూచినచో, కాగితమునకు చిల్లులు పడియున్నయెడల లోపల జీవమున్నట్లు. కాగితము చెక్కుచెదరకున్నయెడల చాలవరకు భయము లేదు. పురుగు ఏండ్ల తరబడి మెల్లగా తినునది గనుక ఈ కొద్ది నెలల నిరీక్షణవలన ఇల్లు పడిపోదు. నేడే సంతకము చేయకున్న రేపు కప్పు కూలునని తొందరపెట్టువాని మాట అందుచేతనే నమ్మదగినది కాదు. దూలము నిజముగా బలహీనమైనదని తోచినచో మాత్రము నిరీక్షింపక దానికి క్రిందినుండి ఊత నిలుపవలెను. అది పురుగుల పని చేయువాని పనిగాక వడ్రంగి పని.

కెనడాలోని చలి ఈ విషయమున గృహస్థునకు తోడుపడుచున్నది. చలియే పురుగును చంపునని కాదు. శీతకాలమున ఆరునెలలు ఇంటిలోపల కొలిమిపెట్టి కాచుటచేత లోపలి కొయ్య మిక్కిలి ఎండిపోవును. బల్లపురుగు జాతి వృద్ధిపొందుటకు కొయ్య బరువులో నూటికి సుమారు పండ్రెండు పాళ్లైనను తేమ కావలెను. కాచిన యింటిలోని కొయ్యకు శీతకాలమున ఆరు ఎనిమిది పాళ్లకంటె మిగులదు. అందుచేత ఆ దేశమున ఈ పురుగు నివాసములు నేలక్రింద గాలి ఆడని ఇరుకుతావులు, కాచని కొట్టములు, వేసవిలో మాత్రము తెరచు చెరువుగట్టు ఇండ్లు, వర్షమెక్కువగు సముద్రతీరములు. కాబట్టి మందుకంటె ముందు చేయవలసినది ఆరబెట్టుట. చూరునీళ్లు గోడమొదట పడకుండ త్రోవ మార్చవలెను. కారు గొట్టములు బాగుచేయవలెను. ఇరుకుతావున వట్టి మట్టినేల యున్నచో దానిపై మందమైన ప్లాస్టికు పట్టా పరచి, అంచులు ఒకదానిపై నొకటి వచ్చునట్లు అతికి, నేలతేమ కొయ్యకు ఎక్కకుండ చేయవలెను. తేమను కొలుచు చిన్న యంత్రము కొయ్యకు గ్రుచ్చినంతనే పాళ్లు చెప్పును. ఇనుపసామాను అంగళ్లలో అది కొద్ది ధరకే దొరకును. కొయ్య నిలుకడగా ఎండియున్నచో బల్లపురుగు సంతానము ఆకలిచే కొన్ని యేండ్లలో తనంతట క్షీణించును. గృహస్థులు చేయదగిన చికిత్సలలో దీనికి సాటియైనది లేదు; దీనిని అమ్మజూపువాడు లేడు గనుక ఎవరును గొప్పగా చెప్పరు.

ఇక మందుల సంగతి. తెలుగు వంటింటిలోను కంసాలి కొలిమివద్దను ఎరిగిన వెలిగారము, దాని వర్గమునకు చెందిన బోరాను లవణములు, నేడు కెనడాలో కొయ్యపురుగునకు ముఖ్యమైన ఔషధములు. వీటిని నీట కరగించి, రంగుగాని వార్నీషుగాని లేని కొయ్యకు కుంచెతో రెండు పూతలు పూయుదురు, లేక పిచికారితో కొట్టుదురు. రంగు వేసిన కొయ్యయైనచో గీకివేయనిదే మందు లోపలికి పోదు. వాసన లేదు, నిప్పంటుకొనదు, ఆరిన పిమ్మట మనుష్యులకును పెంపుడు జంతువులకును అపాయము తక్కువ. అయినను పూయునప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు ముసుగు ఉండవలెను. పిల్లలు ఆ తావునకు రాకూడదు. వానకు తడియు కొయ్యకు ఇది పనికిరాదు, నీటితో కొట్టుకొనిపోవును.

ఈ ఔషధము పనిచేయు రీతిని ఎరుగనివారు మోసపోయితిమని ఏడ్చెదరు. పూత కొయ్య పైభాగమున కొంతమేరకే దిగును. అంగుళముల లోతున తినుచున్న పురుగును అది ఆ దినముననే చంపదు. లోపలికి దిగు క్రొత్త పిల్లపురుగును, వెలుపలికి కొరికికొనివచ్చు పెంకుపురుగును అది పట్టుకొనును. కాబట్టి పూసిన తరువాత ఒకటి రెండు వేసవులలో కొన్ని క్రొత్త రంధ్రములు కనబడవచ్చును. ఏటేట వాటి లెక్క తగ్గుచున్నచో మందు పనిచేయుచున్నట్లే.

కెనడా దేశమున పురుగుమందుల చట్టము 2002లో ఆమోదింపబడి 2006లో అమలునకు వచ్చెను. ఆ చట్టము ప్రకారము ప్రతి మందు డబ్బాపై ప్రభుత్వపు నమోదు సంఖ్య, వాడుక తరగతి, ఆంగ్లమునను ఫ్రెంచియందును ముద్రింపబడియుండవలెను. గృహస్థుల తరగతికి చెందిన దానిని ఎవరైనను కొని, చీటిలో చెప్పిన పనికి, చెప్పిన పాళ్లలో వాడవచ్చును. వృత్తివారి తరగతికి చెందిన దానిని అనుమతిపత్రము లేనివారు వాడరాదు. స్వదేశమునుండి పెట్టెలో తెచ్చిన పురుగుమందును అక్కడి యింట చల్లుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయకరముకూడ. కొందరు ఇప్పటికిని ఈ పని చేయుచుండుట విచారకరము.

ఒక నాడు లోకమంతట కొయ్యకు వాడిన మందులను తలచినచో ఈ నిబంధనలు ఎందుకు పుట్టినవో తెలియును. లిండేను, పెంటాక్లోరోఫెనాలు అనునవి చిరకాలము దూలములకు పూయబడినవి. పురుగు చచ్చెను, నిజమే. కాని ఆ విషము కొయ్యలోను, ఇంటి ధూళిలోను, తుదకు మనుష్యుల దేహములలోను నిలిచిపోయెను. స్టాక్‌హోము ఒడంబడికలో లిండేను 2009లోను, పెంటాక్లోరోఫెనాలు 2015లోను నిషేధింపదగిన వాటి పట్టికకు చేర్చబడెను. పాత యిల్లు కొనినవారు నూనెవలె నల్లగా మరకపట్టిన దూలములను రంపముతో కోయుటగాని, వాటి తునకలను పొయ్యిలో పెట్టుటగాని చేయరాదు. కిరసనాయిలు పోయుట తెలుగుదేశమునను తోటలలోను నేటికిని ఉన్న అలవాటు. అది తగిలిన పురుగును చంపవచ్చును. ఎగిరిపోయిన పిమ్మట ఏ రక్షణయు మిగులదు. ఆవిరి యున్నంతవరకు మాత్రము ఇల్లంతయు అగ్గిపుల్లకు ఎదురుచూచుచుండును.

స్వయముగా చేయదగినదేది, వృత్తివారిని పిలువవలసినదేది? బల్ల, కుర్చీ, కిటికీ చట్టము, చేతికి అందు ఒకటి రెండు దూలములు, ఇవి గృహస్థుని పని. కొనముల్లు గ్రుచ్చినచో అరంగుళమునకు మించి లోపలికి దిగు దూలము, గోడలోపల దాగిన చట్టము, పలుచోట్ల ఒక్కమారు కనబడు క్రొత్త రంధ్రములు, మనిషి దూరలేని ఇరుకుతావులు, ఇవి వృత్తివారి పని. దూలము బలము పోయినదన్న అనుమానమున్నచో పురుగులవానికంటె ముందు ఇండ్ల కట్టడమెరిగిన ఇంజనీరును పిలువవలెను. అనేక సందర్భములలో పాత దూలమును తీయనక్కరలేదు. ప్రక్కను అదే పొడవుగల క్రొత్త దూలమును బోల్టులతో జతపరచినచో బరువు దానిమీదికి మారును.

వృత్తివారిని పిలుచునప్పుడు ఒక్కనితో నిలువక ఇద్దరు ముగ్గురిచేత చూపించి, వ్రాతమూలమున లెక్క తీసికొనవలెను. పురుగు జాతి పేరేమి, అది బ్రతికియున్నదని ఏ గుర్తునుబట్టి చెప్పుచున్నావు, ఏ మందు వాడుదువు, దాని నమోదు సంఖ్య యెంత, తేమ పాళ్లు కొలిచితివా, వచ్చే వేసవిని తిరిగి వచ్చి చూచెదవా, అని అడుగవలెను. జాతి పేరు చెప్పలేనివాడు, తేమ కొలువనివాడు, ఇల్లంతటికి ఒకేసారి మందు కొట్టవలెనని పట్టుబట్టువాడు, ఎంత తియ్యగా మాటలాడినను పంపివేయదగినవాడే. ఇంగ్లీషు బాగుగా రాని వృద్ధులు పగటివేళ ఒంటరిగా ఇంట నుండుట ఇట్టివారికి తెలియును. తల్లిదండ్రులను కెనడాకు రప్పించుకొనిన కుమారులు కుమార్తెలు, వాకిట నిలిచినవానికి ఏ కాగితముమీదను చేవ్రాలు చేయవద్దని ముందుగానే చెప్పియుంచుట మంచిది.

మందు లేకుండ పురుగును చంపు త్రోవలు రెండు కలవు. ఒకటి వేడి, ఒకటి చలి. దేశములమధ్య ఓడలలో పోవు కొయ్యపెట్టెలకు 2002లో ఏర్పడిన అంతర్జాతీయ నియమము ప్రకారము కొయ్య నడిమి భాగమువరకు 56 డిగ్రీల వేడి ముప్పది నిమిషములు తగులవలెను. అట్లు కాచిన పెట్టెపై గోధుమకంకి ముద్ర వేయుదురు. ఇంటిలోని చిన్న సామానులకు ఈ వేడిని సూర్యునివలననే పొందవచ్చును. 1972లో ఒటావాలో స్థాపింపబడిన కెనడా సంరక్షణ సంస్థ, పురావస్తుశాలల వస్తువులను కాపాడుటకు ఇట్టి పద్ధతులను పరిశోధించి ప్రకటించియున్నది. వస్తువును ప్లాస్టికులో గాలి చొరకుండ చుట్టి, నల్లబట్ట కప్పి, దానిపై తెల్లని పారదర్శకపు ప్లాస్టికు గుడారము వేసి ఎండలో ఉంచినచో లోపలి వేడి పురుగు సహింపలేనంత పెరుగును. చుట్టుట తేమ పోకుండుటకు. లేనియెడల కొయ్య వంకరపోయి అతుకులు విడును.

చలి విషయమున ఒక విశేషమున్నది. కెనడాలో శీతకాలమున వెలుపల పడవేసిన కుర్చీలోని పురుగు చావవలెను గదా అని తోచును. అది చావదు. శరదృతువునుండి చలి మెల్లమెల్లగా ముదురుచుండగా పురుగు తన దేహరసములను గడ్డకట్టకుండునట్లు మార్చుకొనును. వెచ్చని గదినుండి తీసి హఠాత్తుగా గడ్డకట్టించినదానికే అది లొంగును. ప్లాస్టికులో చుట్టిన వస్తువును సున్నకు దిగువ 20 డిగ్రీల శీతలపేటికలో ఒక వారమైనను, 30 డిగ్రీలైనచో మూడు దినములైనను ఉంచవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. వెలుపలికి తీసినవెంటనే చుట్టు విప్పరాదు; వస్తువు గదివేడికి వచ్చువరకు ఉంచనియెడల దానిపై నీరు కమ్మును.

తోటలలో నివసించువారికి ఈ సంగతులలో పనికివచ్చునవి కొన్ని కలవు. రబ్బరుచెట్టు కొయ్యలో గంజి మిక్కిలి ఎక్కువ, చేవ పట్టదు. అందుచేత దానిని నరికిన కొద్ది వారములలోనే పిండిపురుగు పట్టును. పాలు తీయుట ముగిసిన చెట్లను మలేషియాలో ఒకప్పుడు వంటచెరకుగానే వాడిరి. రంపపుమిల్లులలో కోసిన పలకలను కోసినవెంటనే ఒత్తిడితో బోరాను ద్రవములో నానవేయు పద్ధతి వచ్చిన తరువాతనే దానితో బల్లలు కుర్చీలు చేసి కెనడావంటి దేశములకు సహితము పంపుట సాధ్యమాయెను. కావున లైను ఇంటిలో ఎవరైనను రబ్బరుకొయ్యతో మంచముగాని అటుకుగాని చేయించుకొనదలచినచో, మందు పట్టించిన పలకను కొనుట మంచిది. పచ్చికొయ్యను కోసి వాడినచో ఆరునెలలలో పిండియే మిగులును. వెదురు విషయమున పెద్దలు చేయునది శాస్త్రసమ్మతమే: నరికిన వెదురును కొన్ని వారములు చెరువునీటిలో ముంచియుంచి, నీడన ఆరబెట్టుదురు. నీటిలో గంజియు చక్కెరయు కరగి పోవుటచే పురుగునకు ఆహారము లేకపోవును. పొయ్యిపైన అటుకుమీద పొగ తగులు వెదురుకూడ అట్లే చాలకాలము నిలుచును. కృష్ణపక్షమున నరికిన వెదురు పుచ్చదను మాటకు మాత్రము అంతటి ఆధారము కనబడదు. వానకాలములో నరకకుండుటయే దానికంటె ముఖ్యము.

వంటచెరకు సంగతి రెండు దేశములకును ఒక్కటే. ఆసియానుండి పోయిన పచ్చని జీరంగిజాతి పురుగొకటి 2002లో ఒంటారియో రాష్ట్రపు విండ్సరు పట్టణమున కనబడి, నాటినుండి కెనడాలోని యాష్ చెట్లను లక్షలకొలది చంపివేసెను. అది అంత దూరము వ్యాపించుటకు కారణము ఎక్కువగా వాహనములలో వేసికొనిపోయిన కట్టెలే. అందుచేత పురుగు పట్టిన మండలములనుండి వంటచెరకు తరలించుటను ఆ ప్రభుత్వము నిషేధించినది. ఇండ్లకును ఇదియే త్రోవ. కట్టెలను గోడకు ఆనించి పేర్చరాదు. ఇంటినుండి కొన్ని అడుగుల దూరమున, నేల తగులకుండ రాళ్లపై పేర్చి, ఆ పూటకు కావలసినవి మాత్రమే లోపలికి తెచ్చికొనవలెను. బెరడు క్రింద పిండి రాలుచున్న కట్టెను లోపలికి తేకుండ ముందుగా కాల్చివేయవలెను.